పాదం నిలవని పెడలు

జూన్ 3

అన్నయ్యకి,

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. ఆవిడకి చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. నేను కాగితం తీయగానే పక్కన చేరి, "నా మీద చాడీలేనా? రాయి, రాయి. మీ అన్న వచ్చి నన్నేం చేస్తాడో చూస్తాను" అంటోంది. ఆయన పోయిన ఈ మూడేళ్లలో ఇంట్లో మనిషి అలికిడి ఉందంటే ఆ నోటి చలవే.

అసలు సంగతికి వస్తాను. నా సైకిల్ పెడళ్లు పూర్తిగా అరిగిపోయాయి. రబ్బరు మీద గాట్లన్నీ పోయి సబ్బుబిళ్లలా తయారయ్యాయి. కార్ఖానా నుంచి వచ్చే దారిలో కాలవ వంతెన దిగుడు నీకు తెలుసుగా, మొన్న అక్కడ ఎడమ కాలు జారింది. పెడలు గిర్రున తిరిగి పిక్క మీద కొట్టింది. పక్కనే ఇటుకల లారీ. పై ప్రాణాలు పైనే పోయాయి. కొత్తవి వేయించుకో అనకు. ఇంత పాత సైకిల్‌కి సరిపడేవి రావడం లేదని ఇక్కడి షాపతను చేతులెత్తేశాడు. ఇంట్లోనే ఏదైనా ఉపాయం ఉంటే చెప్పు. ముప్పయ్యేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న అన్న ఉండి నేను జారిపడితే నీకే నామోషీ.

పనిలో ఒక మార్పు వచ్చి రెండు నెలలైంది, నీకు రాయడం మర్చిపోయాను. చెప్పుల అడుగులు అతికించే మా పదకొండు మందినీ వెనక గదిలోకి పంపారు. జిగురు మీద దుమ్ము వాలకూడదని కిటికీలకి మేకులు కొట్టేశారు. జిగురూ కొత్తదే. పాతది ఆరడానికి అరగంట పట్టేది, ఇది అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది. వాసన ముక్కులో గుచ్చుకోదు, తియ్యగా ఉంటుంది. సాయంత్రానికి తల కాస్త దిమ్మెక్కుతుంది, అంతే.

వెంటనే జవాబు రాయి.

నీ చెల్లి

జూన్ 10

చెల్లీ,

ఉత్తరం అందింది. మీ వదిన మోకాలికి వర్షం ముందే తెలుస్తోంది. రేడియో మానేసి దాన్నే అడుగుతున్నాం.

పెడళ్ల సంగతి శ్రద్ధగా చదువు. నువ్వు సగం చదివి పని మొదలుపెట్టే రకానివి.

ముందు సబ్బునీళ్లతో, పాత బ్రష్షుతో రెండు పెడళ్లూ రుద్ది కడుగు. సగం జారుడు మురికి వల్లే వస్తుంది. బాగా ఆరాక గరుకు కాగితంతో రబ్బరు మెరుపు పోయేదాకా గీకు. తర్వాత పాత రంపపు బ్లేడుతో అడ్డంగా ఒక వరస, ఐమూలగా ఒక వరస గాట్లు పెట్టు. మరీ లోతుగా కోస్తే ముక్కలై ఊడొస్తుంది, గోరు మందం చాలు.

అప్పటికీ జారితే పాత టైరు ముక్క వెయ్యాలి. గాట్లు ఇంకా మిగిలిన చోట పెడలు వెడల్పున కోసి, గాట్లు పైకి వచ్చేలా చుట్టి, రెండు చివర్లా ఇనప తీగతో బిగించు. తీగ కొసలు లోపలికి మడవడం మర్చిపోకు, లేకపోతే బట్ట చిక్కుకుంటుంది. కింద కాస్త జిగురు రాస్తే కదలదు. మీ దగ్గర మంచి జిగురే ఉందంటున్నావుగా, ఒక డబ్బాలో కొంచెం అడిగి తెచ్చుకో. అంతా అయ్యాక పెడలు వేలితో తిప్పితే ఏమీ తగలకుండా తిరగాలి.

పెడలు విప్పాల్సి వస్తే ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది. ఎడ్డెమంటే తెడ్డెం అనే రకం. మీ అత్తయ్యకి చెప్పకు, తనని అన్నాననుకుంటుంది.

అన్నయ్య

జూన్ 19

అన్నయ్యా,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను, చివరిదాకా చదివే చేశాను. ఆదివారం గది తలుపేసుకుని కూర్చుంటే (బయట ఒకటే గాలి, జిగురు మీద దుమ్ము పడుతుందని) పూటంతా పట్టింది. మధ్యలో తల తిరిగి కాసేపు గోడకి ఆనుకున్నాను. కానీ పని మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. అత్తయ్య తడిమి చూసి, "మొసలి వీపులా ఉంది" అంది. ఆవిడ నోట ఇంతకన్నా మెప్పు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు కార్ఖానాలో సైకిల్ నిలబెట్టానో లేదో అందరూ మూగారు. మా గదిలో పొడుగామె అని ఒకావిడ ఉందిలే, "నా పెడళ్లూ జారుతున్నాయి, నాకూ కట్టి పెట్టవూ" అంది. ఆవెంటనే ఇంకో ఇద్దరు. శనివారం మధ్యాహ్నం సెలవులో మూడు సైకిళ్లకి కట్టాను. ఇప్పుడు నన్ను పెడళ్ల డాక్టరమ్మ అంటున్నారు. నీ పేరు నిలబెట్టాను కదా?

చెల్లి

జూన్ 27

పెడళ్ల డాక్టరమ్మకి,

చాలా సంతోషం. మా షాపులో ఉత్తరం పైకి చదివి అందరికీ వినిపించాను.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఒకే గదిలో పనిచేసే నలుగురికి ఒకేసారి పెడళ్లు అరగడమేమిటి? మీ దారిలో ఎక్కడైనా నూనె ఒలికి ఉందేమో, చెప్పుల అడుగులకి అంటుకుంటోందేమో చూడు. మీవాళ్లందరినీ చెప్పుల అడుగులు కూడా గరుకు కాగితంతో గీకమను.

తల తిరగడం ఏమిటి? పొద్దున్న ఏమీ తినకుండా పోతున్నావా? నాకు తెలుసు, నీకు వంట మీద బద్ధకం.

అన్నయ్య

జూలై 8

అన్నయ్యా,

నూనె లేదు, బద్ధకమూ లేదు. పొద్దున్న అన్నం తినే వెళ్తున్నాను.

నా కాలు మళ్లీ జారుతోంది. టైరు ముక్క చెక్కుచెదరలేదు, అయినా జారుతోంది. నిన్న జరిగింది చెప్తే నవ్వుతావు. కార్ఖానా నుంచి ఇంటికొచ్చి గుమ్మంలో దిగాక అత్తయ్య అడిగింది, "ఒక చెప్పు ఏదే?" చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలీదు. ఆ ఎర్రటి ఎండలో ఒట్టి కాలితో పెడలు తొక్కుకుంటూ వచ్చానన్నమాట! అత్తయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే వంతెనకి అవతల దొరికింది.

మా గదిలో ఒకావిడని పిన్ని అని పిలుస్తాం, అందరికన్నా పెద్దది. పోయిన నెలే కొత్త సైకిల్ కొనుక్కుంది. పెడళ్ల మీద షాపువాళ్ల కాగితం గుర్తు ఇంకా పోలేదు. ఆవిడా వచ్చి, "నా కాలూ జారుతోందే" అంది. "కొత్తవాటికి అప్పుడే టైరెందుకు పిన్నీ?" అంటే, "నీకేం పోయింది, కట్టరాదూ" అంది. సరే, కట్టాను.

చెల్లి

జూలై 16

చెల్లీ,

కొత్త పెడలు జారదు. ముప్పయ్యేళ్లలో ఒక్కటి కూడా చూడలేదు. మీ పిన్నికి సైకిల్ కొత్త అయ్యుంటుంది, తొక్కడం రాక పెడలు మీద నెపం పెడుతోంది. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే.

నీ సంగతికొస్తే, కట్టులోనే ఏదో తప్పుంది. ముక్క వదులుగా ఉండి లోలోపల తిరుగుతూ ఉంటుంది. పైకి తెలీదు. చిన్నప్పుడు కూడా పాదం మధ్యలో పెట్టి తొక్కేదానివి, ముందు భాగంతో తొక్కమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఇంకోసారి విప్పి సరిగ్గా బిగించు. పిన్నిదీ విప్పి చూడు. పదిమందికి కట్టేముందు పని నేర్చుకోవాలి.

చెప్పు ఊడితే తెలియకపోవడమేమిటి? ఏ లోకంలో ఉంటున్నావు?

అన్నయ్య

జూలై 24

అన్నయ్యా,

పిన్ని పడిపోయింది.

సోమవారం సాయంత్రం వంతెన దిగుతుంటే కాలు జారి సైకిల్‌తో సహా కాలవ గట్టు మీద నుంచి రాళ్ల మీదకి పోయింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉంది. నేను ఆవిడ వెనకే వస్తున్నాను. కేక పెట్టేలోపే అయిపోయింది.

నేను కట్టిన టైరు ముక్క ఊడిపోవడం వల్లే పడిందని పిన్ని కోడలు అందరిముందూ అంది. మా పని చూసే మేస్త్రీ అయితే, "ఎవరిని అడిగి సైకిళ్లకి రిపేర్లు చేస్తున్నావు? రేపు ఎవరైనా చస్తే కార్ఖానా మీదకి వస్తుంది" అని గది మధ్యలో నిలబెట్టి అరిచాడు. ఎవరూ ఒక్క మాట నాకోసం మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ నేను కట్టినవి కోసి పారేశారు.

నీ ఉత్తరం వచ్చాక కూడా పిన్ని సైకిల్ విప్పి చూడలేదు. చూడాల్సింది. పని నేర్చుకోవాల్సింది. నువ్వన్నది నిజమే.

ఇక నాకు ఉపాయాలేవీ రాయకు.

చెల్లి

జూలై 28

చెల్లీ,

కోపం తర్వాత. ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

పిన్ని సైకిల్ ఎక్కడుందో వెళ్లి పెడళ్లు చూడు. టైరు ముక్క ఉందా, ఊడిందా? తీగ తెగిందా? నిన్ను తప్పుపట్టడానికి అడగడం లేదు, నా మీద ఒట్టు.

మా షాపుకి ఒక ముసలి డాక్టరుగారు వస్తుంటారు, ఈ వయసులోనూ సైకిలే. నిన్న పంక్చరు వేస్తుంటే నా మొహం చూసి, "ఏమయ్యా, ఏమైంది?" అన్నారు. నీ ఉత్తరాలన్నీ తీసి చదివాను. మొదటినుంచీ. కొత్త సైకిల్ దగ్గరికొచ్చేసరికి ఆయన ఆపమన్నారు. చెప్పు ఊడిన సంగతి రెండోసారి చదివించుకున్నారు.

"ఇన్నాళ్లూ పెడలు చూశావు. కాలు ఎవరైనా చూశారా?" అన్నారు.

మూడు పనులు చెయ్యమన్నారు. ఒకటి, కుర్చీలో కూర్చుని మడమ నేలకి ఆనించి పాదం ముందు భాగం పైకెత్తు. రెండు, గోడ పట్టుకోకుండా మడమల మీద నాలుగడుగులు నడువు. మూడు, కళ్లు మూసుకుని అత్తయ్యని నీ బొటనవేలు పైకో కిందికో వంచమను. ఎటు వంచిందో చెప్పగలవా? మీ గదిలో అందరి చేతా చేయించు. జిగురు డబ్బా మీద ఏం రాసుందో కూడా చూసి రాయి.

ఆ గదిలోకి ఇక వెళ్లకపోతే మంచిదన్నారు. ఎందుకో ఇప్పుడే ఖాయంగా చెప్పలేనన్నారు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వడం లేదు.

అన్నయ్య

ఆగస్టు 5

అన్నయ్యా,

ముందు సైకిల్ సంగతి. పిన్ని ఇంటి వెనక సందులో పడేసి ఉంది. ముందు చక్రం వంగిపోయింది. పెడళ్లు చూశాను. రెండు టైరు ముక్కలూ ఉన్నాయి. తీగ ఎక్కడా తెగలేదు, కొసలు నేను మడిచినట్టే ఉన్నాయి. రెండు చేతులా పట్టుకుని లాగాను, కదల్లేదు. పిన్ని కోడల్ని పిలిచి ఆవిడ చేత కూడా లాగించాను. ఆవిడ వంగి తీగ కొసలు వేలితో తడిమింది. తర్వాత, "మరి ఎందుకు పడింది?" అంది.

అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్లాను. "నిన్ను అనవసరంగా తిట్టారటే" అంది పిన్ని. "కాలు జారిందని నాకు తెలియనే లేదు. పెడలు మీదే ఉందనుకుని తొక్కాను. కింద గాలి తప్ప ఏమీ లేదు" అంది.

నీ మూడు పనులూ ఇంట్లో చేశాను. కుడి పాదం కొంచెం లేచింది. ఎడమది నేలకి అతికించినట్టు ఉండిపోయింది. నేను ఎత్తుతున్నాననే అనుకుంటున్నాను అన్నయ్యా, కళ్లతో చూస్తేగానీ లేవలేదని తెలియలేదు. మడమల మీద ఒక్క అడుగు కూడా పడలేదు. వేలు సంగతి అత్తయ్య చూసింది. "పైకి" అన్నాను. "కిందికి" అన్నాను. మళ్లీ "పైకి" అన్నాను. ఆవిడ ఎంతసేపటికీ మాట్లాడకపోతే కళ్లు తెరిచాను. "నేను ఇంకా వంచనే లేదే" అంది. ఆవిడ నోరు మూతపడటం నేను పెళ్లయ్యాక మొదటిసారి చూశాను.

మర్నాడు భోజనాల వేళ మిగతా పది మందినీ ముందు వరండాలోకి రమ్మన్నాను. మొదట నవ్వారు. పొడుగామె, "పెడళ్ల డాక్టరమ్మ ఇప్పుడు కాళ్ల డాక్టరమ్మ అయింది" అంది. సరే చేద్దాం అని తనే ముందు లేచింది. ఒక అడుగు వేసి నా మీద పడింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చారు. ఆరుగురు మడమల మీద నిలబడలేకపోయారు. పిన్ని బదులు గదిలోకి వచ్చి రెండు వారాలే అయిన ఒక పిల్ల మాత్రం చకచకా అటూ ఇటూ నడిచి, మా మొహాలు చూసి ఏడ్చేసింది.

జిగురు డ్రమ్ము మీద ఏమీ రాసి లేదు. ఉన్న కాగితం ఎవరో గీకేశారు.

నాకు భయంగా ఉంది.

చెల్లి

ఆగస్టు 11

చెల్లీ,

ఈ ఉత్తరం అందిన రోజు నుంచి నువ్వు ఆ గుమ్మం తొక్కొద్దు. మిగతావాళ్లకీ ఇది చదివి వినిపించు.

డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. త్వరగా ఆరే కొన్ని జిగురుల్లోంచి లేచే ఆవిరి నరాల్ని తినేస్తుందట. మూసిన గదిలో అయితే మరీ. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు పాదాలవి, కాబట్టి ముందు అక్కడే పట్టు పోతుంది. తర్వాత చేతులు. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. మీ ఊరి పెద్దాసుపత్రిలో నరాల పరీక్ష చేస్తారు, అందరూ కలిసి వెళ్లండి. ఆయన రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను.

ఇంకో మాట కూడా చెప్పారు, దాచను. పని మానేసినా కొన్ని నెలలు ఇంకా ముదురుతుందట. ఆ తర్వాతే తిరుగుతుంది. అందరికీ పూర్తిగా తిరగదు.

నేను పిన్నికి తొక్కడం రాదన్నాను. నిన్ను పని నేర్చుకోమన్నాను. ఆ జిగురు ఇంటికి తెచ్చుకోమని కూడా నేనే రాశాను. నువ్వు తలుపేసుకుని కూర్చున్నానని రాస్తే, తల తిరిగిందని రాస్తే, వంట మీద బద్ధకమన్నాను. షాపులో ఏ సైకిల్ పెడలు చూసినా ఆ మాటే గుర్తొస్తోంది.

షాపు మూసి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తాను.

అన్నయ్య

సెప్టెంబరు 2

అన్నయ్యా,

నువ్వు క్షేమంగా చేరావని వదిన రాసింది. పది రోజులు ఇక్కడుండి ఆసుపత్రి చుట్టూ, కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగావు. "మీ అన్న మనిషే" అని అత్తయ్య అంటోంది. ఇంకోసారి చెప్పమంటే చెప్పలేదు.

నువ్వు రైలెక్కిన మూడో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మాలో నడవగలిగినవాళ్లం వెంట వెళ్లాం. గేటుకి తాళం లేదు. లోపల ఏమీ లేదు. బల్లలు లేవు, డ్రమ్ములు లేవు. కిటికీల మేకులు పీకేసి బార్లా తెరిచి ఉన్నాయి, గది నిండా గాలి. ఇన్‌స్పెక్టరు నేల మీద జిగురు మరకలు చూసి, "ఇక్కడ ఏం అతికించేవారు?" అని నన్నడిగాడు. చెప్పాను. రాసుకున్నాడు. మేస్త్రీ ఉండే ఇల్లు కూడా ఖాళీ. యజమాని ఎవరో మాలో ఎవరం ఎన్నడూ చూడలేదు, రాసిన అర్జీ మీద ఎవరి పేరు పెట్టాలో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

డాక్టరుగారు చెప్పినట్టే అవుతోంది. నా మడమ దగ్గర ఉన్న మొద్దుతనం పిక్క దాకా పాకింది. పొడుగామెకి గ్లాసు చేతిలోంచి జారిపోతోందట.

చెల్లి

సెప్టెంబరు 14

చెల్లీ,

నీ అక్షరాలు వంకర పోతున్నాయి. తొందరలో రాశావా, లేక చేతులా? నిజం రాయి.

డాక్టరుగారు విశ్రాంతి తప్ప వేరే మందు లేదంటున్నారు. ఇక్కడికి వచ్చెయ్యి, అత్తయ్యతో సహా. ఆవిడా మీ వదినా పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనీ. జరిగింది జరిగింది. ఆ కార్ఖానావాళ్లని నువ్వు పట్టుకోలేవు. నీ ఒళ్లు చూసుకో.

అన్నయ్య

సెప్టెంబరు 23

అన్నయ్యా,

చేతులే. నిజం రాయమన్నావు కాబట్టి రాశాను. కుడిచేతి వేళ్లు పొద్దున్నపూట మొద్దుబారుతున్నాయి. ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండు రోజులైంది.

మీ ఇంటికి తప్పకుండా వస్తాం, కానీ ఇప్పుడే కాదు.

నిన్న పిన్ని కోడలు వచ్చింది. ఆ రోజు నన్ను పదిమందిలో అన్నందుకు ఏదో చెప్పబోయింది, వద్దన్నాను. ఆవిడ ఊరికే రాలేదు. కార్ఖానా సామాను లారీకి ఎత్తిన హమాలీని పట్టుకుందట. ఎక్కడ దించారని అడిగితే మొదట తెలీదన్నాడట. మా అత్త ఇక నడవదు, ఒక్కసారి వచ్చి చూసి ఆ మాట చెప్పు అని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లిందట. మంచం పక్కన నిలబడి ఊరి పేరు చెప్పాడు. ఇక్కడికి బస్సులో ఆరు గంటల దూరం. పాత బియ్యం గోడౌను అద్దెకి తీసుకున్నారట. ఆడవాళ్లని పనిలోకి తీసుకోవడం అప్పుడే మొదలైంది. డ్రమ్ములు అవే.

ఇన్‌స్పెక్టరుకి చెప్పాం. అది తన పరిధి కాదు, అక్కడివాళ్లకి రాస్తానన్నాడు. ఆ కాగితం చేరేలోపు ఆ గదిలో ఎంతమంది కూర్చుంటారు?

మేస్త్రీ జాడ కనుక్కోవాలని నేను బయల్దేరినప్పుడల్లా అత్తయ్య మొన్నటిదాకా, "ఆ కాళ్లతో ఎక్కడికే?" అని అడ్డం పడింది. నిన్న ఆ ఊరి మాట విన్నాక తన చేతికర్ర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నాకు గోడలున్నాయిలే" అంది.

నువ్వు ఆపాలని చూడకు. నేనూ, పొడుగామే, పిన్ని కోడలూ రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఆ రాత్రికి బస్టాండు పక్కన సత్రంలో ఉంటాం. ఆ ఊళ్లో మాకెవరూ తెలీదు. మమ్మల్ని చూడగానే మేస్త్రీ గెంటిస్తాడు, అదీ తెలుసు. గెంటితే రోడ్డు మీద నిలబడతాం, రోడ్డు అతనిది కాదు కదా. వచ్చిన ప్రతి మనిషికీ మా కాళ్లు చూపిస్తాం.

పని ఏడున్నరకి మొదలవుతుందట. మేం ఏడింటికే గేటు దగ్గర ఉంటాం.

నీ చెల్లి